లప్పం కింద ఏముందో చూశాకే రంగు వెయ్యమనండి
(మీ బండి ప్రశ్నలు – మా జవాబులు)

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఇంజిన్ గురించి దాదాపు ఎవరూ అడగలేదు, అన్నీ టింకరింగ్, పెయింటింగ్, ఇన్సూరెన్స్ గురించే, అదీ విశాఖ నుంచే. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండి. మాది ఎంవీపీ కాలనీ, బీచ్‌కి దగ్గరే. నాలుగేళ్ళ హ్యాచ్‌బ్యాక్. మొన్న మద్దిలపాలెం దగ్గర బస్సు పక్కనుంచి రాసుకుంటూ పోయింది, ఎడమవైపు వెనక డోరు బాగా సొట్టపోయింది, దాని వెనక చక్రం పైన ఉండే రేకు కూడా కొంచెం లోపలికి నొక్కుకుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డోర్ మార్చాల్సిందే అన్నారు, ఎస్టిమేట్ 38 వేలు. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి వెళ్తే అక్కడ మేస్త్రి గారు 9 వేలకి చేసేస్తానమ్మా, ఇప్పుడు వదిలెయ్యండి, రేపు సాయంత్రానికి తీస్కెళ్ళిపోండి అన్నారు. నెట్‌లో రేటింగ్ చూస్తే అందరికీ నాలుగున్నర స్టార్లే ఉన్నాయి. మా ఇంట్లో ఎవరికీ బండి పని తెలీదు. ఎవర్ని నమ్మాలో చెప్పండి ప్లీజ్.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, 38 వేలు, 9 వేలు అన్న అంకెల్ని కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట "రేపు సాయంత్రానికి". రెండు రేకుల పని అది. సొట్ట లాగాలి, రేకు సరిచెయ్యాలి, తుప్పు పట్టకుండా కింద వేసే ప్రైమర్ కొట్టాలి, లప్పం (ఎగుడుదిగుడు నింపే పుట్టీ) పెట్టాలి, అది ఆరాలి, గరుకు పేపర్‌తో రుద్దాలి, మళ్ళీ ప్రైమర్, అది ఆరాలి, దాని మీద రంగు, రంగు మీద మెరుపునిచ్చే పారదర్శక పొర, క్లియర్ కోట్. హీటర్ ఉన్న బూత్‌లో (రంగు కొట్టే మూసిన గదిలో) అయితే సుమారు 60 డిగ్రీల వేడిలో అరగంటలో పై పొర గట్టిపడుతుంది, బూత్ లేని షెడ్డులో అయితే గాలికి ఆరాల్సిందే, మన వైజాగ్ గాలిలో తేమ ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క రోజులో ఇవన్నీ అయిపోతాయి అంటే మధ్యలో ఏదో ఒకటి ఎగ్గొడుతున్నట్టే లెక్క, ఎగ్గొట్టేది ఎప్పుడూ పైకి కనిపించని పొరే. ఆ షెడ్డుకి బండి ఇవ్వకండి.

అలాగని ఆటోనగర్ మొత్తాన్ని కొట్టిపారెయ్యకండి. గాజువాక ఆటోనగర్‌లో, ఊళ్ళో చిన్న చిన్న షెడ్లలో కూడా చేతిలో గొప్ప పనితనం ఉన్న టింకర్లు ఉన్నారు, సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) పట్టుకుని రేకుని మళ్ళీ దాని అచ్చు వంపుకి తెచ్చేవాళ్ళు. కంపెనీ వర్క్‌షాపుల్లో చాలాచోట్ల అంత ఓపిక పెట్టరు, పార్ట్ మార్చడమే వాళ్ళకి సులువు, గంటల లెక్క కూడా అలాగే కుదురుతుంది. అందులో తప్పేం లేదు, కానీ డోర్ నిజంగా మార్చాలా అని అడగడం మీ హక్కు. డోర్ లోపల అడ్డంగా ఒక గట్టి ఇనప బీమ్ ఉంటుంది, పక్కనుంచి గుద్దితే లోపల కూర్చున్నవాళ్ళని కాపాడేది అదే. ఆ బీమ్ వంగినా, హింజ్‌ల దగ్గర ఫ్రేమ్ మెలిపడినా, డోర్ మార్చడమే కరెక్టు, అక్కడ డబ్బుకి చూసుకోవద్దు. పైరేకు మాత్రమే సొట్టపోయి డోర్ మామూలుగానే పడుతూ, గ్లాస్ సాఫీగా దిగుతూ ఎక్కుతూ ఉంటే మంచి టింకర్ చేతికి ఇవ్వొచ్చు. డోర్ లోపలివైపు కప్పిన అట్ట (ట్రిమ్) విప్పి బీమ్ ఎలా ఉందో నాకు చూపించండి అని సర్వీస్ సెంటర్ వాళ్ళనే అడగండి, ఎవరేం చెప్పారో కన్నా ఆ బీమ్ చూస్తే మీకే తెలుస్తుంది.

వెనక చక్రం పైన రేకు అన్నారు కదా, దాన్ని క్వార్టర్ ప్యానెల్ అంటారు. డోరు, బానెట్, డిక్కీ, ముందు చక్రం పైన ఉండే ఫెండర్ ఇవన్నీ బోల్టులతో బిగించినవి, విప్పి మార్చొచ్చు. క్వార్టర్ ప్యానెల్ అలా కాదు, అది బాడీకి వెల్డ్ అయి ఉంటుంది, మార్చాలంటే కోసి కొత్తది అతికించాలి. కొంచెం నొక్కుకున్నదానికి ఎవరైనా కోసేద్దాం అంటే ఒప్పుకోకండి. బయటనుంచే చిన్న పిన్నులు వెల్డ్ చేసి లాగే మిషన్ ఉంటుంది, చాలా షెడ్లలో ఉంది, దాంతో లాగించుకోండి.

ఇక రేటింగ్స్. ఆ స్టార్లు ఎక్కువమంది ఇచ్చేది బండి చేతికొచ్చిన రోజున, తళతళలాడుతున్న రంగు చూసి. ఆ రోజు అందరి పనీ బాగానే ఉంటుంది. మన ఊళ్ళో బాడీ షాప్ పని తెలియాలంటే ఆ బండి కనీసం రెండు వానాకాలాలు చూసి ఉండాలి. అందుకని షాపు వాళ్ళని "రెండేళ్ళ కింద మీరు చేసిన బండి ఏదైనా చూపిస్తారా" అని అడగండి. పాత కస్టమర్లతో సంబంధం ఉన్నవాళ్ళయితే ఎవరికో ఫోన్ చేసి సాయంత్రం రమ్మంటారు, లేదా మీ దగ్గర్లోనే ఫలానా అపార్ట్‌మెంట్‌లో ఉంది వెళ్ళి చూడండి అంటారు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూడా ఒకసారి తిరగండి, ఎవరిదో బండికి పాత రిపేర్ ఉంటుంది, ఎక్కడ చేయించారు ఇప్పుడెలా ఉంది అని అడగండి. క్యాబ్ డ్రైవర్లని అడగమని చాలామంది సలహా ఇస్తారు, మెకానిక్ కోసమైతే అది మంచి సలహానే, పెయింట్ విషయంలో మాత్రం నేను దానికి ఒప్పుకోను, బండి ఒక్కరోజు ఆగితే వాళ్ళకి కిరాయి పోతుంది కాబట్టి వాళ్ళకి కావలసింది తొందరగా అవ్వడం, మీకు కావలసింది నిలబడటం.

షాపుకి వెళ్ళినప్పుడు రిసెప్షన్‌లో కూర్చోకుండా లోపలికి వెళ్ళి సగం పనిలో ఉన్న బండ్లు చూడండి. రేకు గీకేసి ఇనుము బయటపడ్డ బండి ప్రైమర్ లేకుండా అలాగే వదిలేసి ఉందా? సముద్రపు ఉప్పుగాలిలో ఉత్త ఇనుము ఒక్క రాత్రి ఉంటే చాలు పైన సన్నగా ఎర్రటి తుప్పు పొర లేస్తుంది, దాని మీదే లప్పం పెట్టేస్తే లోపల అది తింటూనే ఉంటుంది. మంచి షాపులో గీకిన రోజే తేమని ఇనుము దాకా పోనివ్వని ఎపాక్సీ ప్రైమర్ కొట్టేస్తారు. కంప్రెసర్ దగ్గర గాలిలో నీళ్ళు విడగొట్టే ఫిల్టర్ ఉందా, దాన్ని రోజూ ఖాళీ చేస్తారా అని అడగండి, లేకపోతే గన్‌లోంచి రంగుతో పాటు నీటి తుంపర కూడా వెళ్ళి కూర్చుంటుంది. పెయింట్ కొట్టే చోటు రోడ్డుకి తెరిచి ఉందా, మూసి ఉందా? పోర్టు వైపు, జ్ఞానాపురం వైపు బొగ్గు దుమ్ము ఎలా పడుతుందో అక్కడుండేవాళ్ళకి తెలుసు, ఆ దుమ్ము తడి క్లియర్ కోట్ మీద పడితే ఇసకరాయిలా చేతికి తగులుతుంది.

ఇవన్నీ బాగున్నాక ఒక్క షరతు పెట్టండి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. "సొట్ట లాగాక, లప్పం పెట్టకముందు ఒకసారి ఫోన్ చెయ్యండి, వచ్చి చూస్తాను. మళ్ళీ రంగు వెయ్యకముందు ఇంకోసారి వస్తాను." మీకు పని తెలియక్కర్లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు రేకు మీద అరచేయి పెట్టి అటూఇటూ నడిపించండి, దాదాపు సమానంగా తగలాలి. లప్పం అనేది చివరి చిన్న ఎగుడుదిగుడు నింపడానికే, రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. గుంట గుంటలాగే ఉంచేసి లప్పంతో నింపేస్తే ఎండకి రేకు సాగినప్పుడల్లా అది పగుళ్ళిస్తుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి పల్చటి గుడ్డ మీదుగా పెట్టి చూడండి, పక్క డోరుకి ఎంత గట్టిగా పట్టిందో ఇక్కడా కాస్త అటూఇటూగా అలాగే పట్టాలి, జారిపోతే లప్పం మందంగా ఉన్నట్టు. (ప్లాస్టిక్ బంపర్‌కి, కొన్ని మోడల్స్‌లో ఉండే అల్యూమినియం బానెట్‌కి అయస్కాంతం ఎలాగూ పట్టదు, అది చూసి కంగారుపడకండి.) ఈ షరతుకి మొహం చిట్లించకుండా "రండమ్మా తప్పకుండా" అన్న షాపుకే బండి ఇవ్వండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే.

ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి, ఏ రేకుకి టింకరింగ్ ఎంత, పెయింటింగ్ ఎంత, పార్ట్స్ ఎంత, విప్పి బిగించడానికి ఎంత, ఏ కంపెనీ పెయింట్ వాడతారు, 18 శాతం జీఎస్‌టీ కలిపా విడిగానా. బండి ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు, కిలోమీటర్ల రీడింగ్, పెట్రోల్ ముల్లు ఫోటో తీసుకోండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వద్దు. మీ జేబులోంచి కట్టి మార్పించిన పార్ట్ అయితే పాతది అడిగి తెచ్చుకోండి.

తీసుకునేటప్పుడు పగటిపూటే వెళ్ళండి, ట్యూబ్‌లైట్ కింద ఏ రంగైనా కలిసిపోయినట్టే ఉంటుంది. డోరు చుట్టూ సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉందో లేదో చూడండి, రబ్బరు బీడింగ్ ఎత్తి దాని కింద పాత రంగు, కొత్త రంగు మధ్య గట్టు కట్టి ఉందో లేదో చూడండి. ఇంకొకటి, ఇది దాదాపు ఎవరూ చూడరు: డోరు అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, గ్లాస్ పక్కనుంచి లోపలికి దిగిన వాననీళ్ళు పోవడానికి. లప్పం, పెయింట్ పడి అవి మూసుకుపోతే నీళ్ళు డోర్ లోపలే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టుకొస్తుంది, బయటికి కనిపించేసరికి రేకు జల్లెడ అయిపోతుంది. ఒక సన్నటి పుల్లతో పొడిచి చూసుకోండి.

ప్రశ్న: సార్, మాది గాజువాక. ముందు ఫెండర్‌కి రెండేళ్ళ కింద టింకరింగ్ పెయింటింగ్ చేయించాను. ఇప్పుడు చక్రం పైన అంచు దగ్గర రంగు బుడగలు బుడగలుగా లేస్తోంది, గోరుతో గిల్లితే కింద ఎర్రగా పొడి రాలుతోంది. షాపులో అడిగితే "వైజాగ్‌లో అంతే సార్, సముద్రపు గాలి" అంటున్నారు. మళ్ళీ టచప్ చేస్తాం 2 వేలివ్వండి అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సముద్రపు గాలి నిజమే. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, తేమ ఉన్నచోట ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, ఇందులో అబద్ధం లేదు. కానీ ఒక్కసారి రెండోవైపు ఫెండర్ చూడండి సార్. ఫ్యాక్టరీ రంగుతో ఉన్న ఆ వైపుకీ అదే గాలి తగిలింది, ఇంకా ఎక్కువ ఏళ్ళు తగిలింది. అక్కడ బుడగ లేకుండా రిపేర్ చేసిన వైపే వచ్చిందంటే గాలికన్నా ముందు పనిని అనుమానించాలి. ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టెలో ముంచి కరెంట్ పంపి పూత పట్టిస్తారు, మూలమూలకీ ఎక్కుతుంది. షెడ్డులో గ్రైండర్ పెట్టి ఇనుము దాకా గీకినప్పుడు ఆ పూత పోతుంది, దాని బదులు ఎపాక్సీ ప్రైమర్ వెయ్యకపోతే ఇక ఆ చోటుకి రక్ష లేదు. లప్పాన్ని నీళ్ళపేపర్‌తో రుద్ది సరిగ్గా ఆరకుండానే పైన రంగు కొట్టేసినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే లప్పం నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ నీళ్ళు రంగుకీ రేకుకీ మధ్య చిక్కుకుంటాయి. మంచి పనివాళ్ళు లప్పం మీద డ్రై పేపరే వాడతారు.

2 వేల టచప్ ఒప్పుకోకండి. బుడగ మీద గీకి రంగు కొడితే వచ్చే వానాకాలానికి పక్కనే ఇంకోటి లేస్తుంది. ఆ భాగమంతా ఇనుము కనిపించేదాకా తీయించి, తుప్పు పూర్తిగా గీకించి, ఎపాక్సీ ప్రైమర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టించండి. రంధ్రం పడిపోయి ఉంటే లప్పంతో పూడ్చనివ్వద్దు, మీది బోల్టుల ఫెండరే కాబట్టి కొత్త ఫెండర్ వేయించుకోవడం చాలా మోడల్స్‌కి అంత ఖర్చేం కాదు. లోపలివైపు, చక్రం గూటిలో అండర్ కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే మందపాటి పూత) కొట్టించండి. తర్వాత మీరు చెయ్యాల్సింది ఒకటే, రుషికొండ, భీమిలి వైపు తిరిగొచ్చినప్పుడు, వానలో తిరిగినప్పుడు మంచినీళ్ళ పైపు పెట్టి చక్రాల గూళ్ళు, అడుగు కడగండి. పైన తళతళలాడేలా కడిగి అడుగు వదిలేస్తారు చాలామంది.

డబ్బు విషయానికొస్తే, బిల్లు ఉంటే ఆ షాపుకి ముందు రాతపూర్వకంగా అడగండి, ఫోటోలు జతచెయ్యండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. అదీ కాకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకి కారణం ఏర్పడినప్పటినుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. మీకు టైమ్ దగ్గరపడుతోంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. బిల్లు లేకుండా చేయించి ఉంటే కనీసం ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా పెట్టుకోండి.

ప్రశ్న: ఐదేళ్ళకి పైగా క్లెయిమ్ చెయ్యలేదండి, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) 50 శాతం ఉంది. ఇప్పుడు బంపర్, ఫెండర్ కలిపి 11 వేలు అవుతుందన్నారు. జీరో డెప్ (పార్ట్‌ల పాతదనానికి కోత వెయ్యని యాడ్ ఆన్) లేదు. షాపు ఆయన క్లెయిమ్ వేసేద్దాం సార్, పాత గీతలు కూడా అందులో కలిపేసి ఫ్రీగా చేసిస్తా అంటున్నాడు. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: వద్దండి. ముందు మీ లెక్క చూద్దాం. ఎన్‌సీబీ అనేది క్లెయిమ్ వెయ్యనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ బండి నష్టానికి కట్టేది) మీద ఇచ్చే తగ్గింపు, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి కట్టేది) మీద కాదు. తగ్గింపుకి ముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10 వేలు అనుకుందాం. ఇప్పుడు క్లెయిమ్ వేస్తే వచ్చే రెన్యువల్‌కి ఎన్‌సీబీ సున్నా, ఆ తర్వాత క్లెయిమ్ లేకపోతే వరసగా 20, 25, 35, 45, మళ్ళీ 50. అంటే మొదటి ఏడు 5 వేలు, తర్వాత 3 వేలు, రెండున్నర వేలు, పదిహేను వందలు, ఐదొందలు ఎక్కువ కడతారు, మొత్తం 12,500. బండి పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు అంకె ఇంకొంచెం తక్కువ ఉండొచ్చు.

మరి వచ్చేదెంత? జీరో డెప్ లేదు కాబట్టి ప్లాస్టిక్ బంపర్‌లో సగం కోసేస్తారు. ఇనప పార్ట్‌లకి బండి వయసుని బట్టి కోత, ఐదేళ్ళు దాటి పదేళ్ళ లోపు అయితే 40 శాతం. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం తీసేస్తారు. పైన కంపల్సరీ డిడక్టబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం), 1500 సీసీ లోపు బండికి వెయ్యి, ఆ పైన 2 వేలు. ఇవన్నీ పోగా 11 వేలల్లో మీకొచ్చేది మీరు పోగొట్టుకునేదానికన్నా తక్కువే. క్లెయిమ్ వేసినా ఎన్‌సీబీ పోకుండా ఉంచే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఏమైనా తీసుకున్నారేమో పాలసీ కాగితం ఒకసారి చూడండి, ఉంటే లెక్క మారుతుంది.

పాత గీతలు కలపడం మాత్రం ఏ లెక్కలోనూ చెయ్యకండి. నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్‌కి పాత దెబ్బ, కొత్త దెబ్బ తేడా చూడగానే తెలుస్తుంది, పాత గీతలో మట్టి, తుప్పు కూర్చుని ఉంటుంది. క్లెయిమ్ ఫామ్ మీద సంతకం మీది, షాపు ఆయనది కాదు, అబద్ధం బయటపడితే న్యాయంగా రావలసినది కూడా ఆపేస్తారు. ఆ మాట అన్నందుకే నేనైతే ఆ షాపు మార్చేస్తాను.

రేపెప్పుడైనా పెద్ద దెబ్బే తగిలి క్లెయిమ్ వెయ్యాల్సొస్తే గుర్తుంచుకోండి, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి, సర్వే అయ్యేదాకా పని మొదలుపెట్టనివ్వకూడదు. క్యాష్‌లెస్ (షాపుకి కంపెనీయే నేరుగా కట్టడం) కావాలంటే వాళ్ళ లిస్టులో ఉన్న గ్యారేజీకే వెళ్ళాలి, మీకు నమ్మకమున్న షాపు లిస్టులో లేకపోతే అక్కడే చేయించి బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు. క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పెడితే బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ టోల్ ఫ్రీ నంబర్ 155255, బీమా భరోసా పోర్టల్ ఉన్నాయి.

ప్రశ్న: బంపర్‌కి పెయింట్ వేయించాను, సిల్వర్ కలర్. నీడలో బాగానే ఉంది, ఎండలో చూస్తే ఫెండర్ కన్నా ముదురుగా కనిపిస్తోంది. షేడ్ ఎందుకు కలవదు?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: సిల్వర్ అన్నిటికన్నా కష్టమైన రంగమ్మా. అందులో సన్నటి అల్యూమినియం రేకలు ఉంటాయి, గన్ ఎంత దూరంలో పట్టారు, గాలి ఎంత పెట్టారు, ఎంత తడిగా కొట్టారు అన్నదాన్ని బట్టి అవి పడుకునే తీరు మారి వెలుగు వేరేలా తిరుగుతుంది. తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా వస్తుంది. పైగా కొత్త బండికి కూడా చాలావాటికి ప్లాస్టిక్ బంపర్, ఇనప ఫెండర్ వేరువేరుగా రంగేసి బిగిస్తారు కాబట్టి కాస్త తేడా మొదటినుంచీ ఉండొచ్చు, మీ బండి అవతలి మూల కూడా ఒకసారి పోల్చి చూడండి.

అక్కడ కూడా అంతే ఉంటే వదిలెయ్యండి. ఈ ఒక్క మూలే ముదురుగా ఉంటే షాపుకి తీసుకెళ్ళి మూడు అడగండి. బండి మీద ఉన్న స్టిక్కర్‌లో పెయింట్ కోడ్ చూసే కలిపారా, లేక కంటి అంచనాతోనా? కొట్టేముందు ఒక చిన్న కార్డు మీద కొట్టి ఎండలో బండి పక్కన పెట్టి చూశారా? ఫెండర్‌కి ముందు రబ్బింగ్ పాలిష్ చేశారా? ఏళ్ళ తరబడి ఎండ, దుమ్ము పట్టిన ఫెండర్‌ని శుభ్రం చెయ్యకుండా షేడ్ కలిపితే ఆ మట్టి రంగుకి కలిపినట్టే. మళ్ళీ చేస్తామంటే కార్డు మీది రంగు మీరు ఎండలో చూసి సరే అన్నాకే బంపర్ మీద కొట్టమనండి. మళ్ళీ వేయించాక ఒక వారం షాంపూ వాష్‌కి ఇవ్వకండి, నెల రోజులు వ్యాక్స్ పట్టించకండి, కొత్త రంగు లోపలిదాకా ఆరడానికి అంత టైమ్ పడుతుంది.